వాచరొర్రె సుత్తె సప్పుడు

ధూళిమిట్ట దిక్కు నుంచి ఎర్రగుంటపల్లెకు పోయే బండ్లబాటల, ఊరు ఇంక కిలోమీటరు దూరం ఉందనంగ ఒక ఒర్రె, సన్నటి వాగు, అడ్డమొస్తది. దాన్ని వాచరొర్రె అంటరు. పొద్దు గూకినంక ఆ బాట ఎవ్వలు పట్టరు. ఎంత ఆపతొచ్చినా తారు రోడ్డు మీదికెళ్లి నాలుగు కిలోమీటర్లు సుట్టు తిరిగి పోతరు గాని, ఒర్రెల కాలు పెట్టరు.

ఎందుకంటే… ఆడ సుత్తె సప్పుడు ఇనిపిస్తది.

ఠక్… ఠక్… ఠక్…

మూడే దెబ్బలు. పచ్చి కట్టె మీద ఇనుము పడ్డ సప్పుడు. తర్వాత ఇగ ఏముండదు. కప్పలు గూడ ఒక్క గడియ నోరు మూసుకుంటయని చెప్తరు ఇన్నోళ్లు.

ఏడేండ్ల కింద ఐలయ్య అని ఫారెస్టు వాచర్ ఉండె. దినకూలి మనిషి. ఒకనాటి రాత్రి ఆ ఒర్రె కాడ దొంగ కట్టె కొడ్తుంటే ఒక్కడే ఆపబోయిండు. కూలే చెట్టు ఆయన మీదనే కూలింది. తెల్లారి పోయి చూస్తే టేకు మాను కింద ఐలయ్య కుడిచెయ్యి ఒక్కటే బయటికి కనవడ్డదట. ఆ కొట్టినోళ్లు ఎవరో ఇప్పటిదాంక తేలలే.

అప్పటి సంది సప్పుడు మొదలైంది. ఐలయ్య ఇంక డ్యూటీ చేస్తనే ఉన్నడన్నరు జనం. చెట్టు నరకనీకి సర్కారు ఒప్పుకుంటే ఫారెస్టోళ్లొచ్చి అరచెయ్యంత బెరడు చెక్కి, అక్షరాలున్న ఇనుప సుత్తెతోని దాని మీద ముద్ర కొడ్తరు. ముద్ర లేని కట్టె చెక్‌పోస్టు దాటదు. ఐలయ్య గదే పని మీద తిరుగుతుండని నమ్మిన్రు.

మొదట్ల ఉత్త సప్పుడే. కిందటేడు దసరా ఎల్లినంక ముద్రలు గూడ పడుడు షురువైంది.

రాత్రి సప్పుడైతది… తెల్లారి చూస్తే ఎవరిదో ఒకరి పొలం గట్టు మీద టేకు చెట్టుకు బెరడు చెక్కి ఉంటది. లోపల నల్లగ ముద్ర. రాజమల్లయ్య అనే రైతు చెట్లకు ముద్ర పడ్డ మూడో రోజు ఆయనకు పక్షవాతమొచ్చి ఎడమ దిక్కు పడిపోయింది. ఇగ ఊర్లె బుగులు ఎట్లుంటదో చెప్పాల్నా? సచ్చినోడు ముద్రేసిన చెట్టు పొలంల ఉంచుకుంటే ఇంట్ల పీనుగు లేస్తదన్నరు. సిద్దిపేటల కట్టె డిపో నడిపే రత్నాకర్ మనుషులు సరిగ్గ మరునాడే దిగుదురు. "మాకు గీ దెయ్యాల పట్టింపు లేదు, మీ పీడ మేం తీస్కపోతం" అని, ఇచ్చినంత ఇచ్చి చెట్లన్నీ కొట్టుకపోదురు.

ఇది జరిగేటప్పుడు అదే ఊర్లె కనకవ్వ అనే మనిషి ఎనిమిది చెట్ల కోసం పదకొండు నెలల సంది ఆఫీసు తొవ్వ పట్టుకొని తిరుగుతుండె.

కనకవ్వకు యాభై అయిదేండ్లుంటయి. మొగడు భూపతి పోయి ఆరేండ్లు. ఇద్దరు కలిసి ఎప్పుడో పెండ్లయిన కొత్తల ఒర్రె పక్క పొలం గట్టుకు నలభై టేకు మొక్కలు పెట్టిన్రు. బాయి కాడికెళ్లి బిందెలతోని నీళ్లు మోసింది కనకవ్వనే. కిందటి వానకాలం ఇంటి కప్పు కూలింది. దూలాలు చెదలు తిన్నయ్. సొంత చెట్లు ఎనిమిది కొట్టి దూలాలు, వాసాలు, రెండు దర్వాజలు చేయించుకుందామని మీసేవల దరఖాస్తు పెట్టింది.

పట్టా భూమిలదైనా సరే, టేకు చెట్టు నరకాల్నంటే పర్మిషన్ కావాలె. రెవెన్యూ ఆయన, ఫారెస్టాయన కలిసొచ్చి చూడాలె. భూమి ఆమెదే అని ఒకరు రాయాలె, చెట్లు ఆ భూమిలనే ఉన్నయని ఇంకొకరు రాయాలె. ఒకరుంటే ఒకరుండరు. ఒకపారి జీపు లేదన్నరు. ఒకపారి ఎలక్షన్ డ్యూటీ అన్నరు. ఒకపారి సర్వే నంబర్ల బై-నంబర్ రాయలేదని కౌంటర్ కాడికెళ్లే ఎనుకకు పంపిన్రు.

"చెట్టు నేను పెట్టిన, నీళ్లు నేను వోసిన. నరకనీకి ఏడాది పడ్తదా సారూ?" అన్నది ఒకనాడు రేంజర్ ముందట నిలవడి.

"చట్టం అవ్వా. అందరు ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటవోతే చెట్లు మిగుల్తయా?"

"చట్టం వద్దన్ననా నేను? ఉండనియ్యి. రూల్ ప్రకారం అడగవట్టే గదా పదకొండు నెలలైంది. మా ఊర్లె రత్నాకర్ సారు లారీలు ఏ రూల్ ప్రకారం పోతున్నయ్?"

రేంజర్ మొకం మాడ్చుకొని ఫోన్ ఎత్తుకున్నడు. కుర్చీల కూసున్న మనిషి ఫోన్ ఎత్తుకుండంటే బయటికి పో అన్నట్టే. కనకవ్వ పోలే. ఆయన మాట్లాడినంత సేపు అట్లనే నిలవడ్డది. ఆఖరికి ఆయనే లేసి లోపటికి పోయిండు.

రెండో వానకాలం వచ్చింది. ఇంటి మీద రేకులు, రేకుల మీద తాటిపత్రి పట్ట. గాలి లేసిన రాత్రల్ల కనకవ్వ నులకమంచం గోడకు జరుపుకొని, తాటిపత్రి అంచు పట్టుకొని కూసునేది.

అగో, గట్లాంటి రోజులల్ల ఒకనాడు పొద్దుగాల స్వరాజ్యం ఉరికొచ్చింది. స్వరాజ్యం రాజమల్లయ్య పెండ్లాం, కనకవ్వకు చిన్నప్పటి సోపతి.

"కనకా… నీ చెట్టుకు పడ్డదే…"

కనకవ్వ పోయి చూసింది. గట్టు మీద మొదటి చెట్టు. రొమ్ము ఎత్తున బెరడు చెక్కి ఉంది. తెల్లటి కట్టె మీద నల్లటి ముద్ర… చుట్టూత ఊరోళ్లు పది మంది, పది అడుగుల దూరం నుంచి చూస్తున్నరు. ఎవ్వలు దగ్గరికి వస్తలేరు.

"అమ్మెయ్యే. మా ఆయన మంచంల పడ్డది చూసినవు గదా. నా మాటిను… పగటీలి కల్లా రత్నాకర్ మనుషులొస్తరు, ఇచ్చెయ్యి" అని స్వరాజ్యం చెవుల గుసగుసలాడింది.

కనకవ్వ ముద్ర మీద వేలు పెట్టి తడిమింది. చుట్టూత ఉన్నోళ్లు ఇంకో అడుగు ఎనుకకేసిన్రు.

"సప్పుడైనప్పుడు ఎన్నిగొట్టింది?" అన్నది.

"ఏందే?"

"రాత్రి. సప్పుడు ఎన్నిగంటలకైంది?"

"తొమ్మిది దాటింది. ఎందుకు?"

"ఏం లేదు. ఇయ్యాల మళ్ల వస్తడు గదా. ఒక్క చెట్టుతోని ఊకుంటడా, ఇంక ముప్పై తొమ్మిదున్నయ్. పోయి కలుస్త."

స్వరాజ్యం నోట్లె కొంగు కుక్కుకున్నది. "సచ్చినోనితోని ఏం మాట్లాడ్తవే?"

"బతికున్నోళ్లతోని పదకొండు నెలలు మాట్లాడిన. ఏమొరిగింది? ఐలన్న ఫారెస్టు మనిషే గదా. ముద్రలు గూడ ఏస్తుండు. అట్లయితే నా దరఖాస్తు మీద గూడ సంతకం పెట్టాలె. పెట్టకపోతే ఎందుకు పెట్టవో చెప్పాలె."

నవ్వులాటకు అన్నదనుకున్నరు. మధ్యాహ్నం రత్నాకర్ మనుషులొస్తే కనకవ్వ వాళ్లను గట్టు ఎక్కనియ్యలే. అప్పుడర్థమైంది ఊరికి, ఆమె అన్నంత పని చేస్తదని.

పొద్దు గూకింది. కనకవ్వ ఇంత గట్క తిన్నది. దరఖాస్తు కాయితం, పాసుబుక్కు జిరాక్సు పాలిథిన్ కవర్ల చుట్టి రొండిన చెక్కుకున్నది. ఒక టార్చిలైటు, తలకాయ మీద గొంగడి. స్వరాజ్యం ఊరి పొలిమేర దాంక వచ్చింది. అవతలికి రాలే. ఆడ నిలవడి ఏడ్సింది.

సన్నటి తుప్పర పడుతుంది. బండ్లబాట బురదబురదగ ఉంది. టార్చి ఏసుకోలే కనకవ్వ. ఆ బాట ఆమెకు ముప్పై ఏండ్ల సంది కాళ్లకు ఎర్కే.

పోయి పోయి తన గట్టు కాడ, మూడో చెట్టు మొదట్ల కూసున్నది.

పగలు చూసిన జాగనే. రాత్రి అదే జాగ వేరే ఉంటది… టేకాకు పెద్దది. దాని మీద సినుకు పడితే ఎవరో అడుగేసినట్టు ఇనిపిస్తది. వందల ఆకులు, వందల అడుగులు. ఎనుక నుంచి వస్తున్నట్టు, పక్కకు పోతున్నట్టు, నెత్తి మీద నడుస్తున్నట్టు. కనకవ్వ మొదట రెండు మూడు సార్లు తిరిగి చూసింది. తర్వాత చూడలే.

చెయ్యి ఊరుకోక లేత టేకాకు ఒకటి తెంపి నలుపుకుంట కూసున్నది. ఎందుకో అరచెయ్యి తడితడిగ తగిలింది. కొంగు చాటున టార్చి ఏసి చూసుకుంది.

అరచెయ్యంత ఎర్రగ నెత్తురు…

మళ్ల తనకే నవ్వొచ్చింది. లేత టేకాకు నలిపితే ఎర్రరంగు వస్తది. చిన్న పోరగాండ్లకు గూడ తెల్సిన ముచ్చట. "థూ, బుగులు ఎంతకైనా తెస్తది" అనుకొని చెయ్యి గొంగడికి తుడుసుకుంది.

అప్పుడు… ఒర్రె దిక్కు నుంచి…

ఠక్.

కప్పలు ఆగినయ్.

ఠక్… ఠక్…

కనకవ్వ లేవలే. రెండు చేతులతోని మోకాళ్లు అదిమి పట్టుకుంది. "ఏమంటడు? సంపుతడు. సంపితే సంపనియ్యి. ఇంకో ఏడాది ఆ తాటిపత్రి కింద మాత్రం కూసోను" అని తనకు తానే చెప్పుకున్నది.

సన్నటి ఎర్ర వెలుగు ఒకటి గట్టెక్కింది. మినుకు మినుకుమంటుంది. దాని ఎనుక ఖాకీ అంగీ… నెత్తిన టోపీ… మొకం లేదు. మొకం ఉండాల్సిన కాడ నల్లగ చీకటి.

అది మొదటి చెట్టు దాటింది. రెండో చెట్టు కాడ ఆగింది. బెరడు చెక్కిన సప్పుడు — సర్… సర్… తర్వాత చెయ్యి పైకి లేసింది.

ఠక్… ఠక్… ఠక్…

మూడో చెట్టు దిక్కు తిరిగింది. ఇప్పుడు కనకవ్వకు, దానికి నడుమ రెండు బారలే.

"ఐలన్నా…"

అది ఆడికాడనే గడ్డకట్టింది.

"నేనే అన్నా. భూపతి పెండ్లాన్ని. నువ్వు ఎండల తిరిగొస్తే మా బాయి కాడ నీళ్లు తాగిపోతుంటివి, యాదికున్ననా?"

ఎర్ర వెలుగు వణికింది.

కనకవ్వ లేసి నిలవడ్డది. రొండిన ఉన్న కవరు తీసింది.

"ముద్రలేస్తున్నవు గదా. మంచిదే. గిది నా దరఖాస్తు. ఎనిమిది చెట్లు. నీ ఆఫీసోళ్లు సంతకం పెడ్తలేరు. నువ్వన్న పెట్టు."

చీకట్ల నుంచి బుసకొట్టినట్టు ఒక గొంతు వచ్చింది. "పో… పో ఈడికెళ్లి… నెత్తురు కక్కుకుంటవు…"

"పో అంటే పోయేదాన్నైతే ఆఫీసు కాడికెళ్లే పోదును. పదకొండు నెలల సంది గదే మాట ఇంటున్న. నువ్వన్న కొత్త మాట చెప్పన్నా!"

అని రెండడుగులు ముందరికేసి ఆ చెయ్యి పట్టుకున్నది.

చెయ్యి వేడిగ ఉంది.

కనకవ్వ బొటనవేలి కింద నరం ఒకటి దడదడ కొట్టుకుంటుంది. తనకంటే జోరుగ. గుట్కా వాసన గుప్పున కొట్టింది.

ఆమె పట్టు ఇడువలే. రెండో చేత్తోని టార్చి ఏసింది. మెడల ఎర్రగుడ్డ చుట్టిన బ్యాటరీ లైటు, టోపీ కింద నల్లటి దస్తీ కట్టుకున్న మొకం. దస్తీ గుంజింది.

పర్శరాములు. ఐలయ్య కొడుకు.

"అవ్వా… ఇడిశిపెట్టవ్వా… నీ కాల్మొక్త…" ముప్పై ఏండ్ల మనిషి, గొంతు పోరగాని గొంతయింది.

కనకవ్వకు బుగులు ఎటువోయిందో పోయింది.

"నీ నాయిన పేరును దెయ్యం చేస్తివి గదరా!"

పర్శరాములు బురదల కూలబడ్డడు. ఆగి ఆగి చెప్పిండు. నాయిన సచ్చినప్పుడు ఆఫీసోళ్లు రిజిస్టర్ల పేరు లేదన్నరట. దినకూలి మనిషి, డ్యూటీ మీద సచ్చిండని ఎట్ల రాస్తం అన్నరట. ఒక్కరు గూడ ఇంటికి రాలే. తను బొంబాయి దిక్కు భీవండి పోయి మగ్గాల కాడ చేసిండు. మగ్గాలు బందైనయ్. ఊరికొస్తే రత్నాకర్ పిలిచి పని ఇచ్చిండు. సుత్తె గూడ ఆయనే చేయించిండు, సర్కారు సుత్తె లెక్కనే. ముద్ర పడ్డ చెట్టును జనం బుగులుకు అమ్ముకుంటరు. అదే ముద్రతోని కట్టె చెక్‌పోస్టు దాటిపోతది.

"పైన ఎవరికి తెల్సు?" అన్నది కనకవ్వ.

"తెల్వకుంటే లారీ ఎట్ల పోతది అవ్వా…"

"నీ నాయిన ఎందుకు సచ్చిండో ఎర్కేనా నీకు? గీ దొంగ కట్టె ఆపబోయే సచ్చిండు. అదే ఒర్రెల, అదే అంగీ ఏసుకొని, నువ్వు ఆ దొంగలకు ముద్రలు కొడ్తున్నవ్."

పర్శరాములు రెండు చేతులల్ల మొకం పెట్టుకున్నడు. ఆయన ఏడ్సేది ఆకుల మీద పడే సినుకులల్ల కలిసిపోయింది.

కనకవ్వ సుత్తె తీసుకుంది. బరువుగ ఉంది. గొంగడిల చుట్టింది.

"పొద్దుగాల సోమవారం. సిద్దిపేటల కలెక్టర్ దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి ఉంటది. నేను మొదటి బస్సుకు పోతున్న. నువ్వొస్తవో రావో నీ ఇష్టం. నువ్వు రాకున్నా సుత్తె వస్తది."

అని ఎనుకకు తిరిగి చూడకుంట నడిచింది. పొలిమేర కాడ స్వరాజ్యం ఇంక అట్లనే నిలవడి ఉంది, తడిసి ముద్దయి. కనకవ్వను చూసి ముట్టుకోవాల్నా వద్దా అన్నట్టు చెయ్యి ముందరికి చాపి ఎనుకకు తీసుకుంది.

"ముట్టుకో. నేనే" అన్నది కనకవ్వ. "నీ మొగనికి ముద్ర తోని పక్షవాతం రాలే. బీపీ గోలీలు బంద్ చేస్తే వచ్చింది. పొద్దుగాల అన్నీ చెప్త."

తెల్లారి బస్సు స్టాపుల కనకవ్వ ఒక్కతే ఉంది. బస్సు ఇంక రాలే. తెల్ల కారు ఒకటొచ్చి ఆగింది. అద్దం దిగింది. రత్నాకర్. పర్శరాములు సుత్తె లేకుంట వచ్చుడు చూసినోళ్లతోని ముచ్చట ఆయన దాంక రాత్రికి రాత్రే పోయింది.

"అక్కా, ఎక్కు. నేను గూడ సిద్దిపేటకే" అన్నడు నవ్వుకుంట. "ఎనిమిది చెట్ల కోసం ఎందుకింత లొల్లి? ఇల్లు మొత్తం నేను కట్టిస్త. ఆ గొంగడిల ఉన్నది నాకియ్యి."

"ఇల్లు నేను కట్టుకుంట. నాకు కావాల్సింది పర్మిషన్. నీ దగ్గరుందా?"

నవ్వు ఆగింది. "ఒంటి మనిషివి. తొవ్వ మంచిది కాదు."

"తొవ్వ ఎట్లుంటదో రాత్రే చూసొచ్చిన."

కారు అట్లనే ఉంది. ఇంజన్ బంద్ చేయలే. అప్పుడు ఎనుక నుంచి ఎవరో వచ్చి కనకవ్వ పక్కన నిలవడ్డరు. పర్శరాములు. ఖాకీ అంగీ లేదు, ఉత్త బనీను మీద వచ్చిండు. రత్నాకర్ దిక్కు చూడలే. బస్సు వచ్చే దిక్కే చూసుకుంట, "అవ్వా, ఆధార్ కార్డు గూడ తెచ్చిన. అడుగుతరేమో" అన్నడు.

కారు పోయింది.

ప్రజావాణిల రెండొందల మంది లైను. కనకవ్వ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. పెద్ద సారు కలెక్టర్ పక్కన అన్ని శాఖలోళ్లు వరసగ కూసున్నరు. రేంజర్ గూడ ఉన్నడు. కనకవ్వను చూసి, మళ్ల వచ్చిందా అన్నట్టు పక్కాయన చెవుల ఏదో చెప్పి నవ్విండు.

కనకవ్వ కాయితం ఇయ్యలే. గొంగడి ఇప్పి సుత్తె తీసి టేబుల్ మీద పెట్టింది. మెల్లగనే పెట్టింది గాని, హాలంత ఇనవడ్డది.

రేంజర్ మొకంల నవ్వు లేదు.

"ఇదేంది?" అన్నడు పెద్ద సారు.

"ముద్ర సుత్తె సార్. దొంగ సుత్తె. ఎనిమిది చెట్లకు నేను రూల్ ప్రకారం పదకొండు నెలల సంది తిరుగుతున్న. గీ సుత్తె మా ఊర్లె దసరా సంది రెండు వందల చెట్లు కొట్టించింది. కొట్టినాయన ఈడనే ఉన్నడు. కొట్టించినాయన పేరు గూడ చెప్తడు."

"సార్, దెయ్యాల కథలు సార్ ఇవన్నీ…" రేంజర్ లేసి నిలవడ్డడు. "ఆ ఊరోళ్లు…"

"దెయ్యం కాదు సార్" అన్నది కనకవ్వ, గొంతు పెంచకుంట. "దెయ్యమైతే నేను చెయ్యి పట్టుకుంటే మాయమైతుండె. మనిషి కాబట్టి దొరికిండు. మా దరఖాస్తులు మీరు ముందరికి పోనియ్యరు. మేం యాష్టవడి ఊకుంటం. ఊకున్నోళ్లను బుగులు పెట్టి చెట్లు కొనుక్కుంటరు. దీంట్ల దెయ్యం ఏడుంది, మీరే చూడుండ్రి."

పెద్ద సారు కనకవ్వ ఫైలు తెప్పించిండు. గంట పట్టింది. ఫైలుకు కట్టిన దారం ముడి గూడ ఇప్పి లేదు. పదకొండు నెలలల్ల ఒక్కపారి గూడ.

ఆయన ఆ ఫైలును ముడి కనవడేటట్టు రేంజర్ ముందట పెట్టిండు. తర్వాత పర్శరాములును పిలిచి, కూసోబెట్టి, మొత్తం రాయించుకున్నడు.

నెల తిరగకముందే రత్నాకర్ డిపోకు సీలు పడ్డది. రేంజర్‌ను ఇంక్వైరీ అయ్యేదాంక పక్కకు పెట్టిన్రు. పర్శరాములు మీద కేసైంది. నిజం చెప్పినందుకు బెయిలొచ్చింది. జామీనుకు ఊర్లె ఒక్కలు ముందరికి రాలే. కనకవ్వ పాసుబుక్కు పట్టుకపోయి సంతకం పెట్టొచ్చింది. "ఎందుకే?" అని స్వరాజ్యం అడిగితే, "మొదటి బస్సుకు వచ్చిండు గదా" అన్నది.

ఫారెస్టుకు కొత్త సెక్షన్ ఆఫీసర్ శైలజ వచ్చింది. ఇరవై ఎనిమిదేండ్ల పిల్ల. రెవెన్యూ ఆయనను తన బండి మీదనే ఎక్కించుకొని వచ్చి, ఒక్క పూటల సర్వే చేసింది. కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటాలె అవ్వా అంటే, "అగో" అని గట్టు అవతల చూపించింది కనకవ్వ. ఇరవై మొక్కలు ముందే నాటి, మేకలు తినకుంట కంప పెట్టి ఉంది.

ఎనిమిది చెట్లు కూల్చిన రోజు రంపం పట్టినోళ్లల్ల పర్శరాములు గూడ ఉన్నడు. కోతగాళ్లు, ఊరోళ్లు ఇరవై మంది దాంక ఒర్రె గడ్డన జమైన్రు. ఏడేండ్లల్ల పొద్దు గూకేదాంక ఆడ జనం నిలవడుడు అదే మొదలు. పిల్లలు గూడ వచ్చిన్రు. స్వరాజ్యం ఇంటి నుంచి చాయ్ కాసి తెచ్చింది.

శైలజ ఒక దుంగ మీద కూసోని, మొబైల్ వెలుతురుల కట్టె తీస్కపోయే పర్మిట్ రాస్తుంది. ట్రాక్టర్ దాని కోసమే ఆగింది. రాసుకుంటనే, ఎదురుంగ రంపం తుడుస్తున్న పర్శరాములును చూసి నవ్వింది.

"ఒక్కటి అడుగుతా చెప్పు. ఈ తొమ్మిది నెలలంటే సరే… ఏడేండ్లు ఒక్కరికి గూడ దొరకకుండ రోజూ రాత్రి ఎట్ల కొట్టినవయ్యా ఆ సుత్తె?"

పర్శరాములు తల ఎత్తిండు.

"ఏడేండ్లా? నేను మొన్న దసరాకే గదా మేడం భీవండి నుంచి వచ్చింది. నాయిన దినాలై పోయినోన్ని… నడుమ ఆరేండ్లు ఊరి మొకమే చూడలే."

శైలజ పెన్ను ఆగింది.

"మరి… అంతకుముందు?"

స్వరాజ్యం చేతుల చాయ్ గిలాస కదలలే. కోతగాళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. తర్వాత ఒక్కొక్కరే, ఎవ్వలు చెప్పకుంటనే, ఒర్రె దిక్కు తిరిగిన్రు. ఆడ అప్పటికే చీకటి పడ్డది…

కనకవ్వ ఒక్కతే అటు దిక్కు చూడలే. దుంగ కాడికొచ్చి శైలజ ముందట నిలవడ్డది.

"రాయి బిడ్డా."

"అవ్వా, అంటే… ఆరేండ్లు మరి ఎవరు…"

"ఎవరో నాకు తెల్వది. ఉంటే ఉండనియ్యి. ఆయన నన్ను ఒక్కనాడు ఆపలే. పదకొండు నెలలు ఆపింది మీ ఆఫీసు. రాయి."